సెలవుకు బదులు దూడ

పదకొండో నంబరు మంచం మీదున్న ముసలాయన ఆపరేషన్ వద్దని మొండికేశాడు. హెర్నియా ముదిరింది, ఇంకా జాగు చేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పి చెప్పి, విసుగెత్తి వెళ్ళిపోయాడు. ముసలాయన మంచం దిగి చెప్పుల కోసం కింద తడుముకుంటున్నాడు. వార్డు నర్సు వాటిని ముందే తీసి దాచేసింది. ఇరవై ఏళ్ళ సర్వీసు మరి, పారిపోయే పేషెంటు ఎవరో మొహం చూస్తేనే ఆమెకు తెలిసిపోతుంది.

"కత్తంటే భయమా బాబాయ్?" అంది.

"భయమా, నా మొహమా! ఇంట్లో నాలుగు ఆవులున్నాయి. కీళ్ళనొప్పులతో మా ఆవిడ వేళ్ళు వంగవు. రేపు పొద్దున పాలెవరు పిండుతారు? మీ డాక్టరొచ్చి పిండుతాడా? ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క పూట మానలేదమ్మా నేను. పెళ్ళికి పోలేదు, చావుకి పోలేదు."

"చుట్టుపక్కల ఎవరూ సాయం రారా?"

"వాళ్ళకి మాత్రం ఆవులు లేవూ? అందరం ఒకే వేళకి పిండాలాయె."

ఆస్పత్రిలో ఎంత చెడ్డ డ్యూటీ అయినా మధ్యాహ్నం రెండయ్యేసరికి ఇంకో మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. ఈయన కుర్చీలో కూర్చోవడానికి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఎవరూ రాలేదు. ఆ సంగతి ఆమెకు ఎక్కడో తగిలింది.

"నేను పిండుతాను బాబాయ్," అంది. మాట నోరు దాటాక తనే ఉలిక్కిపడింది.

ఇక్కడ ఈ నర్సు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆమెకు సేద్యం పిచ్చి. తండ్రి పరాయివాళ్ళ తోటలో పనిచేసేవాడు. పదేళ్ళ వయసులోనే ఆమె ఆ తోట యజమాని ఆవులకు పాలు పిండేది. తోట అమ్ముడుపోయింది, తండ్రి పోయాడు, ఆమె నర్సు చదువు చదివింది. పిచ్చి మాత్రం వదల్లేదు. ఆరేళ్ళుగా కౌలుకి భూమి వెతుకుతోంది. అమ్మేవాళ్ళు చెప్పే ధరకి కళ్ళు తిరుగుతాయి. కౌలుకిచ్చేవాళ్ళు "నీకు పశువులున్నాయా, పనిముట్లున్నాయా?" అని అడుగుతారు. భూమి లేనిదే పశువుల్ని ఎక్కడ కట్టెయ్యాలి? పశువులు లేనిదే భూమి ఎవరిస్తారు? గానుగ చుట్టూ తిరిగినట్టు ఆరేళ్ళు అలా తిరిగింది.

ఆమె భర్త దర్జీ. ముందుగదిలోనే మిషను పెట్టుకుని కుడతాడు. మంచివాడే, కానీ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "తాదూర కంత లేదు, మెడకో డోలట," అని ఆమె పొలాల ప్రకటనలు చదివినప్పుడల్లా నవ్వేవాడు. ఆ వారమే పెద్దాస్పత్రి నుంచి ఉత్తరం కూడా వచ్చింది. ఆమెకు హెడ్ నర్సుగా ప్రమోషను, ఇక్కడికి రాత్రంతా ప్రయాణించేంత దూరంలో ఉన్న నగరానికి బదిలీ. పదిహేను రోజుల్లో అవుననో కాదనో రాసివ్వాలి. అక్కడ నాలుగో అంతస్తులో క్వార్టరు. పూలకుండీ పెట్టుకోవడానికి కూడా అరుగుండదు. అవునంటే సేద్యం ముచ్చట ఈ జన్మకి తీరదు. కాదంటే, ఏం చూసుకుని కాదనాలి? చేతిలో ఏముందని?

సరే, ముసలాయనకు ఆపరేషన్ అయింది. ఆరు రోజులు ఆస్పత్రిలోనే ఉండాలన్నారు. నర్సు మిగిలిన సెలవులన్నీ ఊడ్చి పెట్టేసి, మర్నాడు తెల్లవారుజామునే స్కూటరెక్కి మూడు కిలోమీటర్ల అవతలున్న వాళ్ళింటికి వెళ్ళింది.

వెళ్ళిందా, వెళ్ళి చేసిన నిర్వాకం వినండి. ముందు కొట్టం కడిగింది. ఉత్త నీళ్ళతో కాదు, ఆస్పత్రి నుంచి తెచ్చుకున్న ఫినాయిల్‌తో, మూలమూలలా, రెండుసార్లు. తర్వాత మోచేతుల దాకా మందు సబ్బుతో, ఆపరేషన్ గదిలోకి వెళ్ళే ముందు కడుక్కున్నట్టు, మూడు నిమిషాలు గడియారం చూసుకుంటూ చేతులు కడుక్కుంది. తీరా ఆవుల్ని తోలుకొస్తే అవి కొట్టం గుమ్మంలో ముక్కులెగరేసి నిలబడిపోయాయి. లాగితే రావు, తోస్తే కదలవు. కుంటిదైతే ఏకంగా వెనక్కి తిరిగి నడిచింది.

ముసలాయన భార్య వరండాలోంచి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. "ఏమే అమ్మాయ్, ఆవుకి ఆపరేషన్ చేస్తావా, పాలు పిండుతావా?"

"శుభ్రంగా ఉండాలి కదా పెద్దమ్మా!"

"శుభ్రం సరే. దానికి నీ వాసన తెలియాలి, కొట్టం వాసన తెలియాలి. ఇప్పుడు దాని ముక్కుకి ఇది సూదులేసే చోటులా ఉంది. నాలుగు బిందెలు నీళ్ళు పోసి పాత గడ్డి పరుచు, పో."

ఆ నాలుగు ఆవులకీ పెట్టిన పేర్లు లేవు, పిలిచే పేర్లున్నాయి. నల్లది, కుంటిది, తిండిపోతు, కొత్తది. కొత్తది కొని ఆరేళ్ళయినా దాని పేరు కొత్తదే. పొద్దెక్కేసరికి మూడు ఆవులూ ఎలాగో చేపాయి. చేపడమంటే ఆవు తన ఇష్టంతో పాలు పొదుగులోకి దించడం. అందులో మనిషి బలానికేం పని లేదు. నల్లది మాత్రం చుక్క వదల్లేదు. నర్సు బతిమాలింది, గోకింది, దాణా పెట్టింది. అది దాణా అంతా తిని, తల తిప్పి ఒకసారి చూసి, బకెట్టుని తన్నింది. ఆమెకు తలప్రాణం తోకకొచ్చింది.

"ఆయన కోటు వేసుకుని కూర్చో," అంది పెద్దమ్మ. కొట్టం మేకుకి ఓ పాత కోటు వేలాడుతోంది. చెమట, పేడ, బీడీ కలిసిన వాసన.

"అక్కర్లేదు పెద్దమ్మా, చిన్నప్పట్నుంచీ పిండినదాన్ని."

"చూడమ్మా, నీ ఇష్టం. పొదుగు గట్టిపడితే జ్వరమొస్తుంది దానికి."

పొదుగువాపు మాట వినగానే నర్సులోని నర్సు లేచింది. పౌరుషం పక్కన పెట్టి కోటు తొడుక్కుంది. నల్లది మోచేతి దగ్గర మూతి పెట్టి వాసన చూసింది. గట్టిగా ఊపిరి వదిలింది. మరుక్షణం చేపింది. మూడున్నర లీటర్లు.

ఆమె అలవాటు కొద్దీ ప్రతి ఆవుకీ ఒక అట్ట వేలాడదీసింది. పొద్దున ఎంత తిన్నది, పేడ ఎలా వేసింది, జ్వరం ఎంత, పాలెన్ని, అన్నీ. నల్లదాని అట్ట మీద "మూడున్నర" అని రాసింది. కోటు సంగతి రాయలేదు. సిగ్గేసింది మరి. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆమె చార్టులో నిజం దాచడం అదే మొదలు.

ఆ ఆరు రోజుల్లో పాలకేంద్రానికి క్యాను మోసుకెళ్తూ ఆమె చాలా విన్నది. అక్కడ క్యూలో నిలబడే రైతులు ముసలాయనతో కలిపి ఆరుగురు. ఒకాయన పన్ను నొప్పితో దవడ పట్టుకుని మూణ్ణెల్లుగా అలాగే తిరుగుతున్నాడు, పట్నం వెళ్ళొచ్చే తీరిక లేక. ఇంకొకాయనకు మనవరాలు పుట్టి ఏడాదైంది, ఫొటోలోనే చూశాడు. ఇంట్లో చూస్తే పెద్దమ్మకు ఒక్కతే చెల్లెలు, బస్సులో నాలుగు గంటల దూరంలోనే, ఆమెను చూసి పదకొండేళ్ళయిందట. "ఆయన్ని ఒంటరిగా వదిలి ఎలా పోను? ఆయన వీటిని వదిలి ఎలా వస్తాడు?" అంది.

అయిదో రోజు ఇంటికొచ్చి, దర్జీ ముందు స్టూలు లాక్కుని కూర్చుంది నర్సు. "నాకు భూమి లేదు, పశువుల్లేవు, ఒప్పుకుంటా. కానీ వాళ్ళెవరి దగ్గరా లేనిది నా దగ్గరొకటుంది."

"ఏంటది? నోరా?"

"సెలవు. వాళ్ళకి నేను సెలవిస్తాను. వారానికో పొద్దుటి పూట ఒక్కో ఇంట్లో పాలు నేను పిండుతాను. మధ్యాహ్నం డ్యూటీలే వేయించుకుంటాను. డబ్బు వద్దు. యాభై వారాలు పిండితే ఒక పెయ్యదూడ ఇవ్వాలి. ఆరిళ్ళు కుదిరితే ఏడాదికి ఆరు పెయ్యలు. మంద ఉన్నదానికి బీడు భూమి కౌలుకివ్వననే వాడెవడు చెప్పు?"

దర్జీ మిషను ఆపాడు. ఏదో సామెత అనబోయి ఆగాడు. "అందరూ భూమితో మొదలెడతారు," అన్నాడు నెమ్మదిగా, "నువ్వు తోక పట్టుకుని ఎక్కుతానంటున్నావు. మరి ఆ ముసలాయన ఒప్పుకుంటాడా?"

"ఆయన ఆవులు నిక్షేపంగా ఉన్నాయి. ఎందుకొప్పుకోడు?"

ఆరో రోజు ఆస్పత్రి వ్యాను ముసలాయన్ని గుమ్మంలో దింపింది. ఆయన తిన్నగా కొట్టంలోకి వెళ్ళాడు. నర్సు అట్టలు చేతికిచ్చి, డ్యూటీ మారేటప్పుడు చెప్పినట్టే గడగడా చెప్పేసింది. కుంటిదానికి గిట్ట శుభ్రం చేశాను, తిండిపోతుకి దాణా తగ్గించాను, ఎవరికీ జ్వరం లేదు. చివర, ఇది వినగానే మురిసిపోతాడనుకుని, "మొత్తం మీద రోజుకి అర లీటరు పాలు పెరిగాయి బాబాయ్," అంది.

ముసలాయన అట్టలు తిప్పి తిప్పి చూశాడు. ఆయన మొహం మాడిపోయింది.

"అయితే నేను లేకపోయినా బాగానే ఉన్నాయన్నమాట."

"చాలా బాగున్నాయి!"

"ఇంకా బాగున్నాయేమో."

"అవును, అర లీట..." అని ఆగింది. అప్పటికే ఆలస్యమైంది.

"సంతోషం. ఇంక నువ్వు రానక్కర్లేదు. కూర్చుని పిండడానికి పొట్టతో పనేముంది, నేనే పిండుకుంటాను." అట్టలు గడ్డివాము మీదికి విసిరేశాడు. ఆమె పెయ్యదూడ మాట ఎత్తనే లేదు. ఎత్తే చోటే లేదు.

దారంతా ఏడ్చింది నర్సు. కోపం ఆయన మీద కాదు, తన మీద. వార్డులో కొత్తగా చేరిన పిల్లలకి ఈ ముక్క తనే నేర్పుతుంది. సెలవు నుంచి వచ్చిన నర్సుతో "నువ్వు లేకపోయినా అంతా బాగా జరిగింది" అనకండే, "పేషెంట్లు నిన్నే అడిగారు" అనండి, అని. ముప్ఫై ఒక్క ఏళ్ళు పెళ్ళిళ్ళూ చావులూ మానుకున్న మనిషికి, అవన్నీ మానుకోనక్కర్లేకపోయిందని అట్ట మీద రాసి చేతికిచ్చింది. ప్రమోషను ఉత్తరం గడువుకి ఇంక తొమ్మిది రోజులున్నాయి.

"పోనీలే," అన్నాడు దర్జీ. ఆ రోజు ఎగతాళి చెయ్యలేదు. ఆమెకు అదే ఎక్కువ బాధేసింది.

పదో రోజున ముసలాయన కుట్లు విప్పించుకోవడానికి వచ్చాడు. ఆ పూట డ్రెస్సింగ్ గదిలో డ్యూటీ ఆమెదే. ఆయన గోడకేసి చూస్తూ పడుకున్నాడు. ఆమె కత్తెరతో ఒక్కో దారం తెంపుతోంది. నాలుగు కుట్లయ్యాయి.

"బాబాయ్," అంది చివరికి, "మీకొక అబద్ధం చెప్పాను."

"పాలు పెరగలేదా?"

"పెరిగాయి. అది నిజమే. కానీ నల్లది మొదటి రోజు నాకు చుక్క ఇవ్వలేదు. గంటన్నర బతిమాలాను. బకెట్టు తన్నింది. పెద్దమ్మ మీ కోటిస్తే తొడుక్కున్నాను, అప్పుడు చేపింది. ఆరు రోజులూ మీ కోటు లేకుండా ఒక్క పూట ఇవ్వలేదది. నాకు చేతకాలేదని రాయడానికి సిగ్గేసి అట్ట మీద రాయలేదు."

ముసలాయన తల తిప్పాడు. "ఒక్క చుక్క కూడా?"

"ఒట్టు. కోటు వాసన చూసి పేద్ద నిట్టూర్పు విడిచింది. సాయంత్రం పూట గేటు వైపే తిరిగి నిలబడేది."

"గేటు వైపా," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆపుకోవడానికి నవ్వాడు. నవ్వితే కుట్లు లాగి "అబ్బా!" అన్నాడు. "దొంగముండ! నాతో మాత్రం తన్నడం తప్ప ఇంకోటి తెలీనట్టు ఉంటుందమ్మా."

"పాలిచ్చే ఆవు తన్నినా పడాలిగా బాబాయ్."

ఆ గదిలోనే ఆమె తన ఆలోచనంతా చెప్పింది. ఆయన మొత్తం విని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "యాభై వారాలకి పెయ్యా? ఎక్కువే," అన్నాడు. కాదనలేదు. చూద్దామనీ అనలేదు. వెళ్ళిపోయాడు.

అయితే ఆ సాయంత్రమే పాలకేంద్రం దగ్గర చేరి, నడుముకి బెల్టుతోనే, అందరికీ వినబడేలా మొదలుపెట్టాడు. "ఏంటనుకున్నారు మా నల్లదంటే! పెద్ద చదువుల నర్సు, గంటన్నర కాళ్ళు పట్టుకుందిరా! నా కోటు లేకుండా చుక్క వదిలితే ఒట్టు! దాన్నంటారు విశ్వాసమని." మర్నాడూ అదే, ఎల్లుండీ అదే. గంటన్నర కాస్తా రెండు గంటలయింది, తర్వాత పూటంతా అయింది.

మగవాళ్ళ పౌరుషం సంగతి తెలిసిందే కదా. ఒకడి ఆవు అంత విశ్వాసం చూపిందంటే పక్కవాడికి నిద్ర పడుతుందా? ముందు పన్ను నొప్పాయన నర్సు ఇంటికొచ్చాడు. "మా ఎర్రది ఇంకా పట్టుదల మనిషి. కోటేసుకున్నా నీకివ్వదు. పందెం. కావాలంటే సోమవారం వచ్చి చూడు," అన్నాడు. సోమవారం ఆమె అక్కడ పాలు పిండుతుంటే ఆయన పట్నం వెళ్ళి పన్ను పీకించుకొచ్చాడు. మనవరాలి తాత శుక్రవారాలు తనకి కావాలన్నాడు. ఒక్కొక్కళ్ళూ ఏదో వంకతోనే వచ్చారు. అయిదోవాడు, యాభై దాటిన బక్క మనిషి, ఏ వంకా పెట్టలేదు. గుమ్మంలో నిలబడి దర్జీ కుడుతున్న గుడ్డకేసి చూస్తూ అన్నాడు. "నాకెక్కడికీ పోవాలని లేదమ్మా. ఒక్క రోజు ఎండ మొహమ్మీద పడేదాకా పడుకోవాలని ఉంది. అంతే. దానికి దూడనిస్తే మా వాళ్ళు నవ్వుతారా?"

"నవ్వితే నాతో చెప్పండన్నయ్యా," అన్నాడు దర్జీ. ఎప్పుడూ నవ్వేది ఆయనే మరి.

పధ్నాలుగో రోజుకి అయిదిళ్ళు కుదిరాయి. బుధవారం ఒక్కటే ఖాళీ. సాయంత్రం ముసలాయన ఒక పెయ్యదూడని తాడు పట్టి నడిపిస్తూ దర్జీ గుమ్మంలోకి వచ్చాడు. నల్లదాని కూతురు, ఎనిమిది నెలలది, చెవులు పెద్దవి.

"బుధవారాలు నావి," అన్నాడు. "దూడ ముందే తీసుకో."

"యాభై వారాలయ్యాక కదా బాబాయ్!"

"పిచ్చిదానా, దూడ ముందే నీదైతే నువ్వెక్కడికి పోతావు? ఊరు దాటవు. కట్టెయ్యడానికి నీకు చోటు లేదు కాబట్టి మా కొట్టంలోనే ఉంటుంది. కానీ విను, దాని చాకిరీ నీదే. మేత, నీళ్ళు, పేడ, నేను వేలు కూడా పెట్టను. రోజూ రావాల్సిందే."

మర్నాడు సూపరింటెండెంట్ గదిలో ఆమె ప్రమోషన్ వద్దని రాసిచ్చింది. "మళ్ళీ రాదమ్మా ఇది," అన్నాడాయన నిజంగానే బాధపడుతూ. "తెలుసు సార్," అంది. సంతకం పెట్టింది. ఆమెకు భయం లేదని నేను అబద్ధమాడను. కానీ సంతకం చెరిపెయ్యాలని మాత్రం అనిపించలేదు.

ఆ మొదటి బుధవారమే పెద్దమ్మ సంచీ సర్దుకుని చెల్లెలింటికి బస్సెక్కింది. ముసలాయన వెళ్ళలేదు, కొట్టం గుమ్మంలో నిలబడి నర్సు పిండే ప్రతి చుక్కకీ వంక పెట్టాడు. తర్వాత్తర్వాత అలవాటైంది.

నెల రోజులు నడిచింది. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో కొట్టం, ఆ తర్వాత తన దూడ, మధ్యాహ్నం వార్డు. ఆదివారం ఏ ఇంటి పాలూ లేవు, కానీ దూడకి ఆదివారమని తెలుస్తుందా? అయిదో ఆదివారం ఆమె స్కూటరు దిగేసరికి కళ్ళు మండుతున్నాయి, కాళ్ళు తేలిపోతున్నాయి. కొడవలి తీసుకుని గడ్డి కొయ్యడానికి వంగితే నడుము తిరిగి లేవలేదు. అలాగే కాసేపు గట్టు మీద కూర్చుండిపోయింది.

చెల్లెలింటి కబుర్లు ఇంకా చెబుతూనే ఉన్న పెద్దమ్మ బయటికొచ్చి చూసింది. "ఊళ్ళో వాళ్ళందరికీ సెలవులిస్తున్నావు సరే. మరి నీకెవరిస్తారే?"

అన్నీ లెక్కేసుకున్న మనిషి ఈ ఒక్కటీ మరిచిపోయింది. రైతునైపోవాలని అంత తపించింది కదా, అయిపోయింది. ఇదిగో, రైతుకుండే కష్టం కూడా వచ్చి ఒళ్ళో కూర్చుంది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

వెనక నుంచి ముసలాయన వచ్చి ఆమె చేతిలోంచి కొడవలి లాక్కున్నాడు.

"వేలు కూడా పెట్టనన్నారుగా బాబాయ్?"

"అన్నాను. ఆదివారాలు పెడతాను." ఆయన గడ్డి మొదళ్ళు పట్టుకుని కొయ్యడం మొదలెట్టాడు. "దీనికి నాకు దూడా వద్దు, గీడా వద్దు. నువ్వింటికి పోయి పడుకో. దూడ నిన్నడిగితే రేపు చెబుతాలే."